గణభంగము

ప్రతి సంవత్సరం మన కళాశాల వార్షిక సంచికకు తెలుగు శాఖ పక్షాన ఒక వ్యాసం సమర్పించడం మాకు ఆనవాయితీగా వస్తున్నది. ఒక ఏడు శతక సాహిత్యాన్ని గురించి, ఒక ఏడు తెలుగులో కలిసిపోయిన ఉర్దూ మాటలను గురించి వ్రాశాము. ఈసారి సంపాదకవర్గంలోని విద్యార్థులు మా గదికి వచ్చి, "సార్, ఛందస్సు గురించి రాయండి. గణాలన్నా యతిప్రాసలన్నా మావాళ్లకు భయం. మీరు రాస్తే పరీక్షకు కూడా పనికొస్తుంది" అని కోరారు. సరేనన్నాము. కాని కలం పట్టిన తరువాత మా మనస్సు ఉత్పలమాల వైపు గాని చంపకమాల వైపు గాని పోలేదు. నాంపల్లిలోని ఒక ఆసుపత్రిలో, చిన్న తెర మీద మేము చూసిన గణభంగం వైపే పోయింది. ఆ సంగతే వ్రాస్తున్నాము. పరీక్షకు పనికిరాకపోయినా, ఎప్పుడో ఒకనాడు మీ ఇంట ఎవరికైనా పనికిరావచ్చు.

మా తండ్రిగారు ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయంలో ముప్పై ఆరేండ్లు ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసి విశ్రాంతి పొందినవారు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, ఈ మూడు లిపులలోనూ ఎంతటి గజిబిజి దస్తూరీ అయినా సరే, చిరునామా చదివి తీరేవారు. తోటివారు చేతులెత్తేసిన కవర్లు చివరకు ఆయన బల్ల మీదికే వచ్చేవట. "టపా ఆలస్యమైతే పోయినట్టు కాదు బేటా. ఎక్కడో ఆగి ఉంటుంది, వెతకాలి" అన్నది ఆయన తరచుగా అనే మాట. మా ఇంటి భాష ఉర్దూ. కనుక ఈ వ్యాసంలో ఆయన మాటలన్నీ మా తెలుగులోనే వినిపిస్తాయని ముందుగా మనవి.

2023 చలికాలంలో ఆయనకు నడకలో ఆయాసం మొదలైంది. మల్లేపల్లిలోని మా ఇంటి నుంచి ఆబిడ్స్ దాకా నడిచిపోయి పాత మిత్రులను పలకరించి రావడం ఆయన నిత్యకృత్యం. నాంపల్లి రైల్వేస్టేషను దగ్గరకు వచ్చేసరికి ఛాతీ మీద ఎవరో రాయి పెట్టినట్టున్నదని ఒకనాడు చెప్పారు. పరీక్షలు జరిగాయి. గుండెకు రక్తం అందించే మూడు నాళాలలో అడ్డులున్నవని తేలింది. 2024 జనవరిలో, తమ అరవై ఎనిమిదవ ఏట, ఆయనకు బైపాస్ శస్త్రచికిత్స జరిగింది.

ఈ చికిత్స పేరు వినని వారు ఈనాడు లేరు గాని, దాని తీరు తెలిసినవారు తక్కువ. కాలి నుంచి ఒక సిరను, రొమ్ము లోపలి నుంచి ఒక ధమనిని తీసుకుని, అడ్డుపడిన చోటును దాటించి రక్తానికి కొత్త దారి కలుపుతారు. కాలి సిరతో ఈ పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండులో రెనె ఫవలోరో అనే అర్జెంటీనా వైద్యుడు స్థిరపరిచాడు. అంతకు ముందే, 1953లో, జాన్ గిబ్బన్ అనే శస్త్రవైద్యుడు గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా నిర్వహించే యంత్రంతో ఒక యువతికి విజయవంతంగా చికిత్స చేశాడు. ఆ యంత్రం మీద నడిపే శస్త్రచికిత్సలో గుండెను పొటాషియం కలిసిన చల్లని ద్రవంతో కొంతసేపు ఆపివేసి, కుట్లు పూర్తయ్యాక మళ్లీ నడిపిస్తారు. మా తండ్రిగారి గుండె కూడా అలాగే ఆగి, మళ్లీ నడిచింది. శస్త్రవైద్యులు బయటికి వచ్చి, అంతా సవ్యంగా జరిగిందని చెప్పినప్పుడు మా తల్లిగారు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కన్నీరు కార్చారు. మేము బంధువులందరికీ ఫోన్లు చేశాము. గండం గడిచిందన్నాము.

గడవలేదు. మూడవనాటి రాత్రి, పదకొండు గంటల వేళ, కింద వరండాలో చాప పరుచుకుని నడుము వాల్చిన మమ్మల్ని పైకి రమ్మని కబురు వచ్చింది. అది నుమాయిష్ సాగుతున్న కాలం. ఎగ్జిబిషన్ మైదానంలో పెద్ద రంగులరాట్నం దీపాలు మెట్లమీది కిటికీలోంచి కనిపిస్తున్నవి. లోపల మా తండ్రిగారు కళ్లు తెరిచే ఉన్నారు. నుదుట చెమట. "గుండెలో పిచ్చుక చిక్కుకున్నట్టుంది బేటా" అన్నారు. పడక పక్కనున్న తెర మీద అంకెలు స్థిరంగా లేవు. 148, 121, 163, 139. చూస్తుండగానే మారిపోతున్నవి. వాటి కింద ఆకుపచ్చని గీత మీద శిఖరాలు కొన్ని ఒకదానినొకటి తోసుకుంటూ, కొన్ని దూరదూరంగా పరుగెత్తుతున్నవి. ఏ రెంటి నడుమా ఒక్క కొలత లేదు.

"డాక్టరమ్మా, ఆపరేషను చెడిపోయిందా?" అని అడిగాము. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు మా గొంతు మాకే పరాయిదిగా వినిపించింది.

ఆ రాత్రి విధిలో ఉన్నది ఒక యువ వైద్యురాలు. మా విద్యార్థినుల కంటే నాలుగైదేండ్లు పెద్దదై ఉంటుంది. "లేదు సార్. కుట్లు బాగానే ఉన్నవి, రక్తపోటు నిలకడగానే ఉన్నది. దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. బైపాస్ అయినవారిలో 100 మందికి 20 నుంచి 40 మందిలో ఇది కనిపిస్తుంది. ఎక్కువగా రెండవనాటి నుంచి నాలుగవనాటి లోపలే వస్తుంది" అని చెప్పి, నర్సుకు ఏదో సూచన ఇచ్చి, ఒక కాగితం వెనుక బొమ్మ గీసి మాకు వివరించింది. ఆ విద్య చెప్పిన తీరు మాకు ఈనాటికీ గుర్తున్నది.

గుండెకు పై గదులు రెండు, కింది గదులు రెండు. పాఠశాల పుస్తకాలలో వీటిని కర్ణికలు, జఠరికలు అని చదువుకున్నాము. కుడి కర్ణికలో ఒక చిన్న కణుపు ఉన్నది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 మార్లు విద్యుత్ సంకేతం పుట్టేది అక్కడే. ఆ సంకేతం కర్ణికలను కదిలించి, నడుమనున్న మరొక కణుపు వద్ద రెప్పపాటు ఆగి, జఠరికలకు దిగుతుంది. అందువల్లనే ముందు పై గదులు, తరువాత కింది గదులు ముడుచుకుంటవి. ఫిబ్రిలేషన్ పట్టినప్పుడు కర్ణికలలో ఒక్కచోట కాక నలుమూలలా సంకేతాలు చెలరేగుతవి. నిమిషానికి 350 నుంచి 600 దాకా. కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతవి. ఆ సంకేతాలన్నీ కిందికి దిగితే మనిషి బ్రతకడు. నడిమి కణుపు కాపలాదారు వలె నిలిచి, దొరికినవాటిని దొరికినట్టు కొన్నింటినే వదులుతుంది. కనుకనే నాడి వేగంగానూ, ఏ లెక్కకూ అందకుండానూ కొట్టుకుంటుంది.

శస్త్రచికిత్స తరువాతనే ఇది ఎందుకు రావాలి? ఆమె వేళ్లు మడిచి కారణాలు చెప్పింది. గుండె చుట్టూ ఉన్న పొర కత్తి తగిలి వాచి ఉంటుంది. యంత్రపు గొట్టం అమర్చడానికి కర్ణికకు గాటు పెట్టి ఉంటారు. ఒంట్లో నీరు అటూ ఇటూ మారడం వల్ల పొటాషియం, మెగ్నీషియం లవణాలు తగ్గుతవి. నొప్పికీ బాధకీ శరీరం విడిచే రసాయనాలు గుండెను అదిలిస్తవి. వయస్సు పెరిగిన కొద్దీ ఇది వచ్చే అవకాశమూ పెరుగుతుంది. "బాగుచేసిన గాయం మానుతున్నప్పుడు వచ్చే వాపే చాలావరకు దీనికి మూలం సార్. భయపడకండి, కాని కనిపెట్టి ఉండాలి" అన్నది.

భయపడకండి అన్న మాట మా చెవికి ఎక్కింది. కనిపెట్టి ఉండాలి అన్న మాట ఎక్కలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణమదే.

లోపల ఉండనివ్వరు గనుక మేము బయటికి వచ్చి, నిద్రపట్టక, స్టేషన్ రోడ్డు వెంట నడిచాము. నుమాయిష్ నుంచి ఆలస్యంగా తిరిగివస్తున్న కుటుంబాలు, పిల్లల చేతుల్లో బుడగలు. మొజంజాహీ మార్కెట్టు గడియారం కింద నిలబడి మా మణికట్టు మీద మేమే వేళ్లు పెట్టుకుని చూసుకున్నాము. అక్కడి నుంచి ఆబిడ్స్ దాకా పోయి, మూసి ఉన్న తపాలా కార్యాలయం ముందు కొంచెంసేపు నిలిచి వెనుదిరిగాము. ఛందస్సు పాఠం చెప్పే మాకు ఆ నడకలో తోచిన సంగతి ఒకటి ఉన్నది. ఆటవెలది పాదాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. బేసి పాదాలలో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరి పాదాలలో ఐదూ సూర్యగణాలే. అయినా దానికొక నియమమున్నది, కనుక వినసొంపుగా ఉన్నది. పడుచువారిలో ఊపిరి పీల్చినప్పుడు నాడి కొద్దిగా హెచ్చి, విడిచినప్పుడు తగ్గుతుంది. అది ఆరోగ్య లక్షణమేనట. అది ఆటవెలది వంటిది. మేము తెర మీద చూసినది అటువంటిది కాదు. అందులో తరువాతి గణం ఏదో ఊహకందదు.

పూర్వులకు ఈ తేడా తెలియక పోలేదు. ఆయుర్వేదులు నాడీ గతిని పాము నడకతో, కప్ప గెంతుతో, హంస నడకతో పోల్చారు. వెయ్యేండ్ల క్రిందటి ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో నాడికి లేడి గంతు, అల, పురుగు, చీమ, రంపపు పళ్లు అంటూ పేర్లు పెట్టి, నాడిలో సంగీత ధర్మమున్నదని చెప్పాడు. మన నగరంలో నేటికీ యునానీ హకీములు మణికట్టు పట్టుకుని 'నబ్జ్' చూసేది ఆ సంప్రదాయంలోనే. కాని నాడి తప్పినప్పుడు గుండెలో ఏమి జరుగుతున్నదో చూసే సాధనం వారికి లేదు. ఇంగ్లండులో జేమ్స్ మెకంజీ అనే వైద్యుడు మెడలోని సిర కదలికను, మణికట్టు నాడిని ఒకే కాగితం మీద గీయించి, ఇటువంటి రోగులలో కర్ణికల అల మాయమవుతున్నదని గమనించాడు. కర్ణికలు స్తంభించిపోయాయేమో అని మొదట భావించాడు. డచ్చి శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ రూపొందించిన విద్యుత్ సాధనం వచ్చిన తరువాత, 1909లో థామస్ లూయిస్ అసలు సంగతి చూపాడు. కర్ణికలు స్తంభించలేదు, ఎడతెగకుండా వణుకుతున్నవి. ఐంథోవెన్‌కు ఆ సాధనానికి గాను 1924లో నోబెల్ బహుమానం లభించింది.

మా తండ్రిగారికి లవణాలు ఎక్కించారు, వేగాన్ని తగ్గించే మాత్ర ఇచ్చారు, అమియోడరోన్ అనే మందు నరం ద్వారా పంపారు. ఈ మందు పుట్టుక కూడా చెప్పుకోదగినదే. ఈజిప్టు ప్రజలు మూత్రపు రాళ్ల నొప్పికి వాడుతూ వచ్చిన 'ఖెల్లా' అనే మొక్క గింజలలోని ఒక పదార్థాన్ని ఆధారం చేసుకుని, 1961లో బెల్జియం రసాయనవేత్తలు దీనిని తయారుచేశారు. ఐదవనాటి తెల్లవారుజామున తెర మీద అంకెలు నిలకడకు వచ్చాయి. 78, 79, 78. మా తండ్రిగారు కళ్లు తెరిచి, "పిచ్చుక ఎగిరిపోయింది" అన్నారు. మరి నాలుగు రోజులకు ఇంటికి పంపారు.

పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో తొమ్మిది రకాల మందులున్నవి. వాటిలో ఒకటి రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్. దానిని రోజూ ఒకే వేళకు వేయాలని, వారానికొకసారి రక్తపరీక్ష చేయించి ఐ.ఎన్.ఆర్. అనే అంకె 2కు 3కు మధ్య ఉండేటట్టు చూడాలని, గోంగూర, పాలకూర వంటి ఆకుకూరలు ఒకనాడు ఎక్కువ ఒకనాడు తక్కువ కాకుండా తినాలని చెప్పారు. చెప్పకుండా మానవద్దని రెండుసార్లు చెప్పారు. మేము తల ఊపాము. తల ఊపడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అని తరగతిలో విద్యార్థులకు నిత్యం చెప్పే మేము, ఆనాడు కేవలం తల ఊపాము.

మూడు వారాలు సజావుగా గడిచాయి. ఒకనాటి ఉదయం మిస్వాక్ చేసుకుంటుండగా ఆయన చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం వచ్చింది. మోచేతి మీద నల్లని కమిలిన మచ్చ కనిపించింది. పరామర్శకు వచ్చిన ఒక పెద్ద బంధువు ఆ చీటీ చూసి, "ఇది ఎలుకల మందులో వేసే సరుకు. గుండె బాగైపోయింది కదా, ఇంకా ఎందుకు మింగిస్తున్నారు?" అన్నారు. ఆయన మాటలో మొదటి సగం అబద్ధం కాదు. అమెరికాలో పాడైన తీపి గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోవడం గమనించి, ఆ కారణం వెతుకుతూ పోయిన పరిశోధనలో పుట్టినదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అంగడికి వచ్చి, 1954లో మనుషుల వైద్యానికి ఆమోదం పొందింది. కొలత తప్పితే విషం, కొలతలో ఉంటే ప్రాణరక్ష. కాని ఆ రెండవ సగం మాకప్పుడు తెలియదు. వైద్యునికి ఒక్క ఫోను చేసి అడిగి ఉండవచ్చు. వార్షికోత్సవ పనులు, పరీక్ష పత్రాలు దిద్దడం, ఇవన్నీ మీదపడి ఉన్నవి. నాడి పట్టి చూశాము. సమంగానే ఉన్నట్టు తోచింది. "అబ్బా, ఆ మాత్ర కొన్నాళ్లు ఆపుదాం" అన్నాము. కొడుకు ఎం.ఏ. చదివినవాడు, తెలిసే చెబుతున్నాడనుకున్నారు ఆయన. ఆ మాత్రను ఆపివేశారు.

తొమ్మిదవనాడు ఉదయం జరిగిన సంగతి వ్రాయడానికి ఇప్పటికీ చేయి ఆడదు. ప్రతిదినం చాయ్ తాగుతూ ఉర్దూ పత్రిక పైకి చదివి మా తల్లిగారికి వినిపించడం ఆయన అలవాటు. మేము పక్క గదిలో కళాశాలకు సిద్ధమవుతున్నాము. చదువుతున్న గొంతు ఆగింది. మళ్లీ మొదలైంది. కాని వినిపించినవి మాటలు కావు. అక్షరాలు తారుమారై, ఒకదానిలో ఒకటి చొరబడి, ఏ భాషకూ చెందని శబ్దాలుగా వస్తున్నవి. పరుగెత్తి వెళ్లాము. ఆయన పత్రిక వైపు చూస్తున్నారు, మా వైపు చూస్తున్నారు. ఏదో అడగాలని ప్రయత్నిస్తున్నారు. మూడు లిపులలో ఎవరూ చదవలేని చిరునామాలు చదివిన మనిషి, శీర్షికలోని ఒక్క మాటను వేలితో తడుముతూ నిలిచిపోయారు. పెదవి కుడివైపు కొద్దిగా జారి ఉన్నది. మణికట్టు పట్టుకున్నాము. నాడిలో ఆ నాటి పిచ్చుక తిరిగి వచ్చి కొట్టుకుంటున్నది.

ఆటోలో నాంపల్లి చేరేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో ఆయన మా చేతిని విడువలేదు. ఆసుపత్రి గేటు దాటుతుండగా, "ఇది... నాంపల్లి" అన్నారు. ఆ ఒక్క మాట వినడానికి మా యావదాస్తి ఇచ్చివేయడానికి సిద్ధంగా ఉంటిమి. తలకు తీసిన చిత్రంలో రక్తస్రావం లేదన్నారు. అరగంటకు మాటలన్నీ తిరిగి వచ్చాయి. వైద్యులు మమ్మల్ని పక్కకు పిలిచి, ఏయే మందులు వాడుతున్నారో చెప్పమన్నారు. చెప్పాము. ఆపిన మందు పేరు చెప్పేటప్పుడు తల పైకెత్తలేకపోయాము.

వైద్యులు కోపపడలేదు. కర్ణిక ముడుచుకోక వణుకుతున్నప్పుడు అక్కడ రక్తం నిలువ నీరులాగా ఆగిపోతుందని, ఎడమ కర్ణికకు సంచి వంటి ఒక మూల ఉన్నదని, గడ్డ కట్టేది ఎక్కువగా ఆ మూలలోనేనని వివరించారు. గడ్డలోని చిన్న ముక్క విడివడి మెదడుకు పోతే మాట పడిపోవచ్చు, కాలుసేతులు పడిపోవచ్చు. "మీ నాన్నగారి విషయంలో ముక్క చిన్నదై తనంతట తానే కరిగిపోయినట్టున్నది. ఇది హెచ్చరిక. శస్త్రచికిత్స తరువాత వచ్చే ఈ లయభంగం చాలామందిలో ఆరు నుంచి ఎనిమిది వారాలలోపు సర్దుకుంటుంది. కాని కొందరిలో చెప్పాపెట్టకుండా తిరిగి వస్తుంది. వచ్చినట్టు రోగికే తెలియకపోవచ్చు. మందు ఉన్నది గుండె బాగులేనప్పటి కోసం కాదు, బాగున్నట్టు కనిపించే రోజుల కోసమే" అన్నారు. ఎప్పుడు ఆపాలో పరీక్షలు చూసి తామే చెబుతామన్నారు.

ఆ రాత్రి పడక పక్కన కూర్చుని మా తప్పు ఒప్పుకున్నాము. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "నాది కూడా ఒక తప్పున్నది బేటా. నాలుగు రోజులుగా అప్పుడప్పుడూ గుండె దడదడలాడుతూనే ఉన్నది. నీకు పేపర్లు దిద్దే పని ఉన్నదని చెప్పలేదు" అన్నారు. మాకు తీరిక లేదని ఆయన చెప్పలేదు, మాకు తెలియదని మేము అడగలేదు. ఒకే ఇంట్లో ఇద్దరము ఒకరినొకరు కష్టపెట్టకూడదని మౌనంగా ఉంటే, ఆ మౌనం నడుమ నుంచి ఆపద నడిచి వచ్చింది.

కొన్ని నెలల తరువాత, ఒక ఆదివారం ఆబిడ్సులో కాలిబాట మీద పరిచిన పాత పుస్తకాలు తిరగేస్తుంటే వైద్యచరిత్ర గ్రంథమొకటి చేతికి వచ్చింది. పుటలు తిప్పుతుండగా హైదరాబాదు పేరు కనిపించి కొనుక్కున్నాము. అందులోని ఉదంతం మన నగరవాసులలో చాలామందికి తెలియదు గనుక ఇక్కడ చెబుతాము. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి కాలంలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ అనే శస్త్రవైద్యుడుండేవాడు. మత్తు కోసం ఇచ్చే క్లోరోఫారంతో రోగులు కొందరు హఠాత్తుగా మరణిస్తుండేవారు. ముందు ఆగేది గుండెనా, శ్వాసనా అన్నది ఆనాటి ప్రపంచంలో పెద్ద వివాదం. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, నాడిని చూడనక్కరలేదని లారీ వాదం. నిజాం ప్రభుత్వ సహాయంతో 1888లో ఒక సంఘం, 1889లో రెండవ సంఘం ఇక్కడే పరిశోధనలు చేశాయి. రెండవదానికి లండనులోని 'లాన్సెట్' పత్రిక తన పక్షాన లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుణ్ణి పంపగా, ఆ ఖర్చుకు నిజాం ప్రభుత్వం వెయ్యి పౌనులు ఇచ్చింది. వందలాది జంతువులపై పరీక్షలు జరిపి, ముందు ఆగేది శ్వాసనే అని తీర్మానించారు. మన వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ లారీ వద్ద క్లోరోఫారం ఇవ్వడంలో ప్రవీణురాలై, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరు పొందారు. ఇది మన నగరానికి గర్వకారణమైన చరిత్రే.

కాని కథ అక్కడితో ముగియలేదు. 1911లో గుడ్మన్ లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు, క్లోరోఫారం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె జఠరికలు వణుకు పట్టి హఠాత్తుగా ఆగిపోగలవని నిరూపించాడు. అంటే లారీ చూసినది అసత్యం కాదు. ఎక్కువ మోతాదులో శ్వాసే ముందు ఆగుతుంది. కాని ఆయన ఒకవైపు చూసి, రెండవవైపు చూడనక్కరలేదన్నాడు. పుస్తకం మూసి కాలిబాట మీదనే నిలిచిపోయాము. మేము చేసినదీ అదే. ఒక ఉదయం, ఒక్క నిమిషం నాడి చూసి, సమంగా ఉన్నది కనుక మందక్కరలేదన్నాము. మేము చూసిన నిమిషం నిజమే. చూడని నిమిషాలే మాకు లెక్కలోకి రాలేదు.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది ఇంట్లో మొదటిసారిగా కళాశాల గడప తొక్కినవారు. ఇంటి పెద్దలు మందుచీటీ మీ చేతికే ఇచ్చి చదవమంటారు. మీరు చెప్పినదే వేదవాక్కుగా నమ్ముతారు. ఆ నమ్మకం ఎంత బరువైనదో మాకు ఆలస్యంగా తెలిసింది. కనుక మూడు మాటలు చెబుతాము. బొటనవేలి మూలాన, మణికట్టు మీద, మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం నాడి లెక్కించడం నేర్చుకోండి. అది ఎగుడుదిగుడుగా తోస్తే వైద్యునికి చెప్పండి, సమంగా తోచినా ఇచ్చిన మందు మీ అంతట మీరు ఆపకండి. మూతి వంకర పోయినా, చేయి పైకి లేవకపోయినా, మాట తడబడినా, అది సర్దుకున్నా సరే, ఒక్క క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోండి. ఇక చివరిది. ఇంట్లో పెద్దవారిని రోజూ ఎలా ఉన్నదని అడగండి. వారు చెప్పరు. అయినా అడగండి.

మా తండ్రిగారు ఇప్పుడు నెమ్మదిగా నాంపల్లి స్టేషను దాకా నడిచి వస్తున్నారు. మాత్ర వేసుకుంటున్నారు, పత్రిక చదువుతున్నారు. ఒక్కొక్కసారి ఒక మాట దగ్గర ఆగుతారు. మా తల్లిగారు చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని కదలకుండా నిరీక్షిస్తారు. మాట వస్తుంది. కళాశాలకు బయలుదేరే ముందు మేము ఆయన మణికట్టు పట్టుకుని నిమిషం పాటు లెక్కపెడతాము. పూర్తికాగానే ఆయన అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే.

"టపా వేళకు వచ్చిందా బేటా?"

"ఈరోజు వేళకే వచ్చింది, అబ్బా. రేపు మళ్లీ చూస్తాను."